ఉత్తర కొరియా నుంచి పారిపోయినవాళ్లను తిరిగి పంపడం: కిమ్ కథలు పక్కన పెట్టి మాట్లాడుకుందాం

విభాగం: అంతర్జాతీయం / హక్కులు

తూర్పుగాలి | 2 నవంబర్ 2025, రాత్రి 9:14

మన టీవీల్లో ఉత్తర కొరియా అంటే ఒకటే సరుకు. కిమ్ జుట్టు, కిమ్ రైలు, కిమ్ చెల్లెలు, మామను కుక్కలకు వేయించిన కిమ్. ఆ కుక్కల కథ చైనాలో ఎవరో వెటకారానికి రాసిన సోషల్ మీడియా పోస్టు. హాంకాంగ్ పత్రిక ఒకటి దాన్ని వార్తగా వేస్తే ప్రపంచమంతా తిరిగొచ్చింది. ఆ మామ, జాంగ్ సాంగ్ థేక్‌ను 2013 డిసెంబర్‌లో చంపిన మాట నిజమే, కుక్కలు మాత్రం అబద్ధం. పన్నెండేళ్లవుతున్నా మన యాంకర్లు ఆ కుక్కల్ని వదిలిపెట్టలేదు.

ఇలా నవ్వులాటగా మారిపోయాక, అక్కణ్ణుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని బయటపడ్డవాళ్ల గోడు ఎవరికి పడుతుంది? 2023 అక్టోబర్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనకు 107 పతకాలొచ్చాయని సంబరపడ్డాం గుర్తుందా? ఆ క్రీడలు ముగిసిన మర్నాడే చైనా తన జైళ్లలో పెట్టిన ఉత్తర కొరియా వాళ్లను బస్సులెక్కించి సరిహద్దు దాటించింది. హక్కుల సంఘాల లెక్క ప్రకారం 500 మందికి పైగానే. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. తెలుగులో నాకు ఆ వార్త ఒక్కచోట కూడా కనబడలేదు.

మొన్న సెప్టెంబర్‌లో ఐరాస మానవ హక్కుల కార్యాలయం కొత్త నివేదిక ఇచ్చింది. తప్పించుకొచ్చిన 300 మందికి పైగా మనుషులతో మాట్లాడి రాసింది. పదేళ్ల కిందటికంటే బాగుపడింది తక్కువ, దిగజారింది ఎక్కువ అని దాని సారాంశం.

నేను అడిగేది ఇదీ. సియోల్‌లో, జెనీవాలో, వాషింగ్టన్‌లో ఇన్నేళ్లుగా హక్కుల పేరిట జరుగుతున్న పనుల్లో ఆ మనుషులకు నిజంగా అక్కరకొచ్చినవి ఏవి? నా మటుకు నాకు, చైనా నుంచి వెనక్కి పంపడం ఆపించగలిగే పనే అసలు పని. సరిహద్దు అవతలికి వదిలే కరపత్రాల బెలూన్లు, సభలు, ఉపన్యాసాలు దాని తర్వాతే. కాదనేవాళ్లు చెప్పండి.

---

బెజవాడ బ్యారేజీ | రాత్రి 9:31

కిమ్ చెల్లెలి మీద ఒక్క థ్రెడ్డయినా మిగల్చండి గురూ, ఫోరం వెలవెలబోతుంది 😄

సరే సరే, చదువుతున్నా. కానివ్వండి.

---

కాజీపేట జంక్షన్ | రాత్రి 9:48

అన్నా, నాకొక డౌటు. పారిపోయేటోళ్లు సక్కగ దక్షిణ కొరియాకే పోవచ్చు గదా. మ్యాపుల చూస్తే రెండు దేశాలు ఆనుకోనే ఉన్నయి. మధ్యల చైనాకు పోయి దొరికిపోవుడు ఎందుకు? ఏమనుకోకుండ్రి, తెల్వకనే అడుగుతున్న.

---

అన్సాన్ శీను | రాత్రి 11:20

తమ్ముడూ, మంచి ప్రశ్న. నేను కొరియాలో చాలా ఏళ్లుగా ఉంటున్నా, ఇక్కడ పనిచేసే మనవాళ్లలో కూడా సగం మంది ఇదే అడుగుతారు.

రెండు కొరియాల మధ్య ఉన్నది మామూలు సరిహద్దు కాదు. దాదాపు 250 కిలోమీటర్ల పొడవు, 4 కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ. అటూ ఇటూ ముళ్లకంచెలు, మందుపాతరలు, తుపాకులు. దాన్ని నేరుగా దాటినవాళ్లు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాళ్లలోనూ సైనికులే ఎక్కువ. మిగతావాళ్లంతా ఉత్తరానికి వెళ్తారు. చైనాతో సరిహద్దు దాదాపు 1,400 కిలోమీటర్లు. తూర్పున తుమెన్ నది, పడమర యాలు నది. తుమెన్ కొన్నిచోట్ల మన పంట కాలువంత ఉంటుంది, చలికాలంలో గడ్డకడుతుంది. అవతల యాన్బియన్‌లో చైనా పౌరులైన కొరియన్లు ఉంటారు. భాష కలుస్తుంది కాబట్టి మొదటి రాత్రి తలదాచుకోవడానికి చోటు దొరుకుతుంది.

అక్కణ్ణుంచి అసలు ప్రయాణం మొదలు. బ్రోకర్ చేతిలో పడి, చైనా మొత్తం అడ్డంగా దాటి కున్మింగ్ చేరాలి. అక్కడ కొండలు దాటి లావోస్, తర్వాత పడవలో మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్. అక్కడ పోలీసులకు కావాలనే దొరికిపోతారు. థాయ్‌లాండ్ వాళ్లను ఉత్తర కొరియాకు పంపదు. అక్రమంగా వచ్చినందుకు జరిమానా కట్టించుకుని, కొన్నాళ్లు ఇమిగ్రేషన్ లాకప్‌లో ఉంచి సియోల్ విమానం ఎక్కనిస్తుంది. లావోస్‌ను మాత్రం నమ్మలేం. 2013 మేలో తొమ్మిది మంది అనాథ కుర్రాళ్లను పట్టుకుని చైనాకు అప్పజెబితే, వాళ్లను బీజింగ్ మీదుగా ప్యాంగ్‌యాంగ్‌కు విమానమెక్కించేశారు. ఇన్ని దేశాలు దాటిన పిల్లలు ఆఖరి గడప దగ్గర దొరికిపోయారు.

ఇప్పటిదాకా దక్షిణ కొరియా చేరినవాళ్లు సుమారు 34,000 మంది. అత్యధికంగా 2009లో ఒక్క ఏడాదే 2,914 మంది వచ్చారు. కోవిడ్‌తో మొత్తం బిగుసుకుపోయింది. 2020 ఆగస్టులో సరిహద్దు దగ్గరికొస్తే కాల్చేయమని ఉత్తర కొరియా ఆర్డరిచ్చింది, కంచెలు రెండేసి వరుసలు వేసింది. 2021లో వచ్చినవాళ్లు 63 మంది, 2022లో 67. 2024లో 236. ఈ 236లో కూడా చాలామంది చైనాలోనో రష్యాలోనో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవాళ్లే, నిన్నో మొన్నో నది దాటినవాళ్లు కాదు.

ఇంకోటి. వచ్చినవాళ్లలో 72 శాతం దాకా ఆడవాళ్లే. ఉత్తర కొరియాలో మగవాడు సర్కారీ పనిచోట హాజరు వేయించుకోవాలి, జీతం వచ్చినా రాకపోయినా. పెళ్లయిన ఆడవాళ్లకు ఆ కట్టుబాటు కాస్త తక్కువ. 1990ల కరువులో బజార్లు పెట్టి ఇల్లు నడిపింది వాళ్లే, కనబడకపోతే వెంటనే ఎవరూ వెతకరు. అందుకే నది దాటగలుగుతారు. దాటాక చైనా పల్లెల్లో పెళ్లికాని రైతులకు అమ్ముడుపోయేదీ వాళ్లే. హోటల్లో పనిప్పిస్తానని తీసుకెళ్లి అమ్మేస్తారు. పోలీసులకు చెబుదామా అంటే, చెప్పిన మరుక్షణం వెనక్కి పంపుతారు. తల్లిని పంపేస్తే పిల్లలు చైనాలో మిగిలిపోతారు.

రేపు డ్యూటీ ఉంది, మిగతాది తర్వాత.

---

కాజీపేట జంక్షన్ | రాత్రి 11:37

అన్నా, చదువుతుంటే చేతులాడుత లేవు. పిల్లల్ని ఇడిసిపెట్టి పోవుడంటే...

---

ప్లీడరమ్మ | 3 నవంబర్, ఉదయం 7:05

శీను గారు చెప్పినదానికి చట్టం కోణం కలుపుతాను.

చైనా 1982లోనే శరణార్థుల ఒప్పందంలో చేరింది. హింసకు వ్యతిరేకంగా ఉన్న ఒప్పందాన్ని 1988లో ఆమోదించింది. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి ఎవరినీ తిరిగి పంపకూడదని మొదటిది అంటుంది. చిత్రహింస పెడతారని తెలిసిన చోటికి ఎవరినీ, ఆఖరికి నేరస్థుణ్ణయినా, పంపకూడదని రెండోది అంటుంది. చైనా మాత్రం ఎప్పుడూ ఒకటే పాట: వీళ్లు శరణార్థులు కారు, కూలి కోసం దొంగతనంగా వచ్చినవాళ్లు. పైగా 1986లో రెండు దేశాలూ రాసుకున్న సరిహద్దు ఒప్పందాన్ని చూపిస్తుంది.

"ఆకలితో వచ్చారు కాబట్టి శరణార్థులు కారు" అన్న వాదన కోర్టులో నిలబడేది కాదు. నది దాటినప్పుడు ఆకలే కారణం అనుకుందాం. దాటడమే దేశద్రోహమని ఆ దేశం శిక్షిస్తున్నప్పుడు, దాటిన క్షణం నుంచి ఆ మనిషి శరణార్థే. బయల్దేరినప్పుడు కాకపోయినా బయటికొచ్చాక శరణార్థి అవడాన్ని అంతర్జాతీయ చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. తిరిగి పంపినవాళ్లను అడిగే ప్రశ్నలు రెండు: దక్షిణ కొరియా వాళ్లను కలిశావా, చర్చికి వెళ్లావా. అవునంటే రాజకీయ ఖైదీల శిబిరమే. చైనీయుడి వల్ల గర్భంతో తిరిగొచ్చిన ఆడవాళ్లకు బలవంతంగా గర్భస్రావం చేయించిన ఉదంతాలు ఐరాస విచారణలో ఒకటి రెండు కాదు, చాలా నమోదయ్యాయి.

తూర్పుగాలి గారి ప్రశ్నకు జవాబు: ఒత్తిడి పనిచేసిన సందర్భాలున్నాయి. 2002 మార్చిలో 25 మంది ఒక్కసారిగా బీజింగ్‌లోని స్పెయిన్ రాయబార కార్యాలయంలోకి దూసుకెళ్లారు. వెనక ఉండి నడిపించింది హక్కుల కార్యకర్తలు. ప్రపంచం చూస్తుండగా చైనా వాళ్లను వెనక్కి పంపలేకపోయింది. ఫిలిప్పీన్స్ మీదుగా సియోల్ చేరారు. రెండు నెలలకు షెన్యాంగ్‌లోని జపాన్ కాన్సులేట్ గేటు దగ్గర చైనా పోలీసులు ఒక తల్లిని ఈడుస్తుంటే చిన్నపిల్ల నిలబడి ఏడుస్తున్న వీడియో బయటికొచ్చింది. ఆ కుటుంబమూ దక్షిణ కొరియా చేరింది.

కానీ రెండో వైపు కూడా చెప్పాలి. ఆ తర్వాత చైనా రాయబార కార్యాలయాల చుట్టూ ముళ్లకంచెలు బిగించింది, సరిహద్దు పల్లెల్లో ఇల్లిల్లూ గాలించింది. 25 మంది బయటపడ్డారు, దాక్కున్నవాళ్లు మరెందరో దొరికిపోయారు. కెమెరా ముందు చేసే పనికి ఈ ఖర్చు ఎప్పుడూ ఉంటుంది.

---

పాత కామ్రేడ్ | 3 నవంబర్, ఉదయం 10:40

అందరూ ఒకే పక్క మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో పక్క మాట్లాడతాను, తిట్టుకోవాలనుకున్నవాళ్లు తిట్టుకోవచ్చు.

ఒకటి, 1950-53 యుద్ధంలో కొరియా మీద అమెరికా కురిపించిన బాంబులు 6 లక్షల 35 వేల టన్నులు. ఉత్తరాన నిలబడ్డ భవనం దాదాపు మిగల్లేదు. ఆ భయం మీదే ఆ రాజ్యం నిలబడింది. ఈ ముక్క లేకుండా హక్కుల గురించి మాట్లాడితే అది సగం కథ.

రెండు, ఈ హక్కుల సంఘాల్లో చాలావాటికి డబ్బు అమెరికా ప్రభుత్వం నుంచే. అక్కడ 2004లో ఉత్తర కొరియా మానవ హక్కుల చట్టమే చేశారు, అందులోంచే నిధులు. యజమాని ఎవరో తెలిశాక పాట ఎవరిదో అడగనక్కర్లేదు.

మూడు, 2017 ఆంక్షల్లో బొగ్గు, చేపలు, బట్టలు అన్నీ ఆపేశారు. బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది ఎవరు? ఆడకూలీలు. వాళ్ల కూడు తీసేసి వాళ్ల హక్కుల గురించి నివేదికలా?

నాలుగు, సాక్ష్యాల సంగతి. శిబిరంలో పుట్టి పెరిగానని ప్రపంచమంతా తిరిగి చెప్పిన షిన్ డాంగ్-హ్యూక్ 2015 జనవరిలో తన కథలో కొన్ని భాగాలు నిజం కావని తనే ఒప్పుకున్నాడు. ఉపన్యాసానికి డబ్బిచ్చే చోట కన్నీళ్ల ధర పెరుగుతూ పోతుంది.

---

తూర్పుగాలి | 3 నవంబర్, మధ్యాహ్నం 1:15

కామ్రేడ్ గారూ, మొదటి పాయింటుకు నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ బాంబులు పడినప్పుడు పుట్టని పిల్లని 2023లో బస్సెక్కించి పంపడానికి అది సమాధానం కాదు కదా.

ఆంక్షల మీద: లక్షల మంది చనిపోయిన కరువు 1995-98 నాటిది. ఐరాస అణు ఆంక్షలు మొదలైంది 2006లో. అమెరికా వ్యాపార నిషేధం 1950 నుంచీ ఉందని మీరంటారు, నిజమే. సోవియట్ యూనియన్ కూలి చమురు ఆగిపోవడమూ నిజమే. అయినా ఉన్న తిండి ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది మాత్రం బయటివాళ్లు నిర్ణయించలేదు. తాతల కాలంలో ఎవరు ఏ పక్షమో చూసి జనాన్ని మూడు తరగతులుగా విడదీసిన లెక్క అక్కడిది. 'శత్రు తరగతి'లో పడ్డ కుటుంబాలను ఈశాన్యపు కొండ జిల్లాలకు తోలేశారు. రేషన్ ముందు ఆగిపోయింది కూడా ఆ హామ్‌గ్యాంగ్ ప్రాంతంలోనే. తుమెన్ దాటినవాళ్లలో ఎక్కువమంది అక్కడివాళ్లే కావడం కాకతాళీయం కాదు.

షిన్ సంగతి: ఐరాస విచారణ సంఘం ఆయనొక్కడి మీద ఆధారపడలేదు. 2013లో వేసిన ఆ సంఘానికి అధ్యక్షుడు మైకేల్ కర్బీ, ఆస్ట్రేలియా హైకోర్టు మాజీ న్యాయమూర్తి. ఆయనతో ఇండోనేసియా నుంచి మార్జుకి దారుస్మాన్, సెర్బియా నుంచి సోన్యా బిసెర్కో. సియోల్, టోక్యో, లండన్, వాషింగ్టన్‌లలో బహిరంగంగా 80 మందికి పైగా సాక్షులను, రహస్యంగా 240 మందిని విన్నారు. ఒకరు చెప్పింది ఇంకొకరితో, ఉపగ్రహ చిత్రాలతో సరిచూశారు. మీరూ వచ్చి మీ మాట చెప్పండని ప్యాంగ్‌యాంగ్‌ను పిలిచారు, రాలేదు. వచ్చి చూస్తామంటే రానివ్వలేదు. నాలుగు పెద్ద శిబిరాల్లో 80 వేల నుంచి లక్షా 20 వేల మంది దాకా ఉన్నారని, జరుగుతున్నది మానవాళిపై నేరమని 2014 ఫిబ్రవరిలో తేల్చారు. ఒక సాక్షి మాట మార్చాడని మూడు వందల మందిని కొట్టేస్తామా? మన కోర్టుల్లో సాక్షి అడ్డం తిరిగితే కేసే కొట్టేస్తారని మీకు అలవాటయినట్టుంది.

ఆ నివేదిక వచ్చాక ప్యాంగ్‌యాంగ్‌కు ఎక్కడో తగిలింది. వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని 2016లో ఆమోదించింది, 2017 మేలో ఆ విషయం చూసే ఐరాస నిపుణురాలిని దేశంలోకి రానిచ్చింది. చిన్న విషయమే. కానీ పేరు పోతుందనే భయం వాళ్లకూ ఉంది.

---

పాత కామ్రేడ్ | 3 నవంబర్, మధ్యాహ్నం 2:02

అడ్డం తిరిగే సాక్షుల మాట బాగుంది, ఒప్పుకుంటున్నా. మిగతాది ఒప్పుకోను. తూకం మీదగ్గర ఒక పక్కకే మొగ్గుతోంది.

---

గాజువాక అమ్మాయి | 3 నవంబర్, రాత్రి 8:26

అందరికీ నమస్కారం. నేను సియోల్‌లో పీజీ చేస్తున్నా. ఇక్కడ బెలూన్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా, ఎందుకంటే నేను ఆ గోల మధ్యలో ఉన్నా.

నిరుడు మే ఆఖరులో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి, ఎమర్జెన్సీ మెసేజ్. యుద్ధమే అనుకున్నాం. చూస్తే ఉత్తరం నుంచి చెత్త బెలూన్లు. సిగరెట్ పీకలు, చిరిగిన బట్టలు, పెంట. ఇక్కణ్ణుంచి కార్యకర్తలు పంపే కరపత్రాల బెలూన్లకు అది జవాబట. ఆరు నెలల పాటు వస్తూనే ఉన్నాయి.

ఈ బెలూన్ల వెనక పేరు ఎక్కువగా వినిపించేది పార్క్ సాంగ్-హక్, ఆయనా అక్కణ్ణుంచి వచ్చినవాడే. కరపత్రాలు, డాలర్ నోట్లు, పాటలూ సీరియళ్లూ ఉన్న యూఎస్‌బీలు కట్టి వదులుతారు. 2020 జూన్‌లో వీటి మీద కోపంతోనే ఉత్తర కొరియా తన గడ్డ మీది కేసాంగ్‌లో ఉన్న రెండు కొరియాల ఉమ్మడి సంప్రదింపుల కార్యాలయాన్ని పేల్చేసింది. ఆ డిసెంబర్‌లో ఇక్కడి పార్లమెంటు బెలూన్లను నిషేధిస్తూ చట్టం చేసింది. 2023 సెప్టెంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది, భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని. ఇప్పుడు ప్రభుత్వం మారింది, మళ్లీ పోలీసులు ఆపుతున్నారు.

సరిహద్దు పక్కనున్న పాజూలో రైతులు ట్రాక్టర్లు అడ్డం పెట్టి మరీ బెలూన్లు ఆపారు. ఎందుకాపరు? సరిహద్దుకు అవతలి లౌడ్‌స్పీకర్ల నుంచి రాత్రంతా వచ్చిన వింత చప్పుళ్లు భరించింది అలాంటి సరిహద్దు ఊళ్లవాళ్లు.

నాకైతే బెలూన్ మీద నమ్మకం లేదు. గాలి ఎటు వీస్తే అటు పోతుంది, సగం ఇక్కడే కొండల్లో పడుతుంది. టీవీ కెమెరాలు పిలిచి వదిలేది ఉత్తరం కోసమా, చందాల కోసమా అని డౌటు.

---

కాజీపేట జంక్షన్ | 3 నవంబర్, రాత్రి 9:10

గట్ల గాదు అక్కా. సమాచారం లేకపోతే ఆళ్లకు బయట లోకం ఒకటి ఉన్నదని ఎట్ల తెలుస్తది? దక్షిణ కొరియా సీరియళ్లు చూసే బయటపడ్డమని చాలామంది చెప్పిన్రు గదా.

---

ప్లీడరమ్మ | 3 నవంబర్, రాత్రి 9:55

బాబూ, సమాచారం వద్దని ఎవరూ అనట్లేదు. పంపేవాడికి మహా అయితే కేసు, అందుకున్నవాడికి ప్రాణాల మీదికి. తేడా అదీ. 2020 డిసెంబర్‌లో వాళ్లు చేసిన 'ప్రతీఘాతక భావజాల, సంస్కృతి' నిషేధ చట్టం ప్రకారం దక్షిణ కొరియా సీరియల్ చూస్తే ఏళ్ల తరబడి కూలి శిబిరం, పంచిపెడితే మరణశిక్ష దాకా. 2023 జనవరిలో ఇంకో చట్టం, సియోల్ యాసలో మాట్లాడినా నేరమే. సెప్టెంబర్ నివేదికలో కూడా ఇలాంటి కేసుల్లో మరణశిక్షలు అమలవుతున్నాయనే ఉంది.

చైనా వ్యాపారుల ద్వారా చేతులు మారి వెళ్లే మెమరీ కార్డుకు, ఆకాశం నుంచి పొలంలో పడే మూటకు ఇక్కడే తేడా. మొదటిది తీసుకునేవాడు ముప్పు తెలిసి కొనుక్కుంటాడు. రెండోది పొద్దున పొలానికెళ్లిన రైతు కాళ్లకు తగులుతుంది. ఏరుకుంటే ఒక భయం, ఎవరైనా ఏరుకోవడం చూసి చెప్పకపోతే ఇంకో భయం.

---

మోడరేటర్ | 3 నవంబర్, రాత్రి 10:30

ఒక పోస్టు తీసేశాం. ఇటీవల బయటపడ్డ ఒక కుటుంబం ఫోటో, సొంతూరు వివరాలు అందులో ఉన్నాయి. బయట ఎక్కడో దొరికిందే అయినా ఇక్కడ వద్దు. ఒకరు తప్పించుకుంటే అక్కడ మిగిలిన అమ్మానాన్నలనూ తోబుట్టువులనూ శిక్షించే దేశం అది. సియోల్‌లో సంఘాలు పేర్లు మార్చి, ముఖాలు మసకచేసి రాసేది ఊరికే కాదు. పెట్టినవారికి విడిగా సందేశం పంపాం, వార్నింగ్ ఏమీ లేదు.

---

పాతపేపర్లు | 4 నవంబర్, ఉదయం 6:20

రెండు రోజులుగా చదువుతున్నాను. బలవంతంగా తిరిగి పంపకూడదు అన్న మాట కొరియా విషయంలో మొట్టమొదట ఆచరణలో పెట్టి కాపలా కాసింది మనవాళ్లే. ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతాను.

కొరియా యుద్ధం చివర్లో ఏడాదికి పైగా అదనంగా సాగింది ముఖ్యంగా ఒక్క ప్రశ్న మీదే: తిరిగి వెళ్లనంటున్న యుద్ధఖైదీలను ఏంచేయాలి? చైనా, ఉత్తర కొరియా అందరినీ ఇచ్చేయమన్నాయి. అమెరికా ఇష్టమున్నవాళ్లనే పంపుతామంది. చివరికి 1953లో తటస్థ దేశాల సంఘం ఒకటి వేశారు: స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకోస్లవేకియా, అధ్యక్షత భారత్‌ది. జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షుడు. ఖైదీల కాపలాకు మేజర్ జనరల్ థోరట్ కింద అయిదారు వేల మంది భారత సైనికులు వెళ్లారు. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ, మన సైన్యం తన నేల మీద అడుగు పెట్టడానికి వీల్లేదన్నాడు. అందుకని ఇంచియాన్ దగ్గర ఓడల నుంచి హెలికాప్టర్లలో నేరుగా సరిహద్దు పట్టీలో దించారు. ఆ శిబిరానికి 'హింద్ నగర్' అని పేరు.

వెళ్లనన్న ఖైదీలు 22 వేల పైచిలుకు. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి వాళ్ల దేశం తరఫువాళ్లు నచ్చజెప్పాలి, తర్వాత అతను ఏ తలుపులోంచి బయటికెళ్తే అదే తీర్పు. శిబిరాల్లో కమ్యూనిస్టు వ్యతిరేక ముఠాలు ఖైదీలను కొట్టి బెదిరించిన మాటా ఉంది, మన సైనికులను రాళ్లతో కొట్టిన మాటా ఉంది. కామ్రేడ్ గారికి ఈ ముక్క నచ్చుతుంది: 'స్వచ్ఛందం' అన్నది అంత శుభ్రంగా ఏమీ జరగలేదు. గడువు ముగిశాక 1954 జనవరిలో తిమ్మయ్య ఎవరినీ బలవంతంగా ఎటూ పంపకుండా, మొదట వాళ్లను ఖైదు చేసిన పక్షాలకే తిరిగి అప్పజెప్పారు. రెండు పక్షాలూ ఆయన్ని తిట్టాయి.

ఉత్తరమూ వద్దు, దక్షిణమూ వద్దు, చైనా ఖైదీలైతే తైవానూ వద్దు అన్నవాళ్లు కొందరు మిగిలారు, వందకు లోపే. వాళ్లను మన సైన్యం తనతోపాటే ఓడలో తీసుకొచ్చింది. దిగింది ఎక్కడనుకున్నారు? మద్రాసు రేవులో, 1954 ఫిబ్రవరిలో. ఆంధ్ర రాష్ట్రం వచ్చి అయిదు నెలలు కూడా కాలేదు. మద్రాసు పోయిందన్న దుఃఖంలో మనం ఉండగా, దేశమే పోయినవాళ్లు ఆ రేవులో దిగారు. తర్వాత ఢిల్లీకి పంపారు. రెండు మూడేళ్లకు చాలామంది బ్రెజిల్, అర్జెంటీనా వెళ్లిపోయారు, కొద్దిమంది ఇక్కడే ఉండిపోయారు.

---

బెజవాడ బ్యారేజీ | 4 నవంబర్, ఉదయం 8:12

ఇది నాకు అస్సలు తెలీదండీ బాబాయ్ గారూ. స్కూల్లో ఎక్కడా చెప్పలేదు.

---

ప్లీడరమ్మ | 4 నవంబర్, ఉదయం 9:40

పాతపేపర్లు గారికి నమస్కారం. ఇంత చేసిన దేశం తర్వాత ఏం చేసిందో కూడా రాసేద్దాం. కర్బీ నివేదిక మీద 2014 డిసెంబర్‌లో జనరల్ అసెంబ్లీలో ఓటు: అనుకూలం 116, వ్యతిరేకం 20, తటస్థం 53. భారత్ తటస్థం. ఏదో ఒక్క దేశం పేరు పెట్టి తీర్మానాలు చేయకూడదన్నది మన పాత వైఖరి. అందులో కొంత న్యాయం ఉంది, కొంత సొంత భయమూ ఉంది. శరణార్థుల ఒప్పందంలో మనం ఇప్పటికీ చేరలేదు. చైనాకు నీతులు చెప్పేముందు ఆ సంగతి గుర్తుంటే మంచిది.

కానీ మనకున్న ఒక వీలు చాలా దేశాలకు లేదు. ప్యాంగ్‌యాంగ్‌లో మన రాయబార కార్యాలయం ఉంది. కోవిడ్‌లో 2021లో మూసి, నిరుడు డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. అక్కడ మనిషి ఉన్న దేశం ఒక్క మాట అడగొచ్చు: 2023లో తిరిగొచ్చినవాళ్లు ఎక్కడున్నారు?

---

పాత కామ్రేడ్ | 4 నవంబర్, ఉదయం 11:30

అడిగేటప్పుడు సియోల్‌ను కూడా అడగండి. 2019 నవంబర్‌లో పడవలో వచ్చిన ఇద్దరు ఉత్తర కొరియా జాలర్లను సరిహద్దు పట్టీలోని పన్మున్‌జామ్‌లో ఈడ్చుకెళ్లి అప్పజెప్పింది దక్షిణ కొరియానే. 16 మందిని చంపారని ఆరోపణ. విచారణ లేదు, వకీలు లేడు, అయిదు రోజుల్లో పంపేశారు. వాళ్ల రాజ్యాంగం ప్రకారం ఉత్తరాది వాళ్లు కూడా వాళ్ల పౌరులే! సరిహద్దు గీత దగ్గర ఒకతను కూలబడిపోయిన ఫోటోలు తర్వాత వాళ్ల ప్రభుత్వమే బయటపెట్టింది. ఈ ఫిబ్రవరిలో కోర్టు నలుగురు మాజీ అధికారులను దోషులంటూనే శిక్ష వేయకుండా వదిలేసింది.

---

తూర్పుగాలి | 4 నవంబర్, మధ్యాహ్నం 12:10

ఈ పాయింటు నూటికి నూరుపాళ్లు. నేను ఈ థ్రెడ్ పెట్టింది కూడా ఈ సూత్రం మీదే. హంతకుడయినా సరే, చంపేస్తారని తెలిసిన చోటికి విచారణ లేకుండా పంపకూడదు. చైనా చేస్తే తప్పు, సియోల్ చేస్తే 'ప్రత్యేక పరిస్థితి' అంటే చెల్లదు.

---

అన్సాన్ శీను | 4 నవంబర్, రాత్రి 11:50

డ్యూటీ దిగి చదివాను. కామ్రేడ్ గారు సియోల్ మాటెత్తారు కాబట్టి ఇక్కడి బతుకు గురించి రెండు ముక్కలు.

వచ్చినవాళ్లను ముందు ఇంటెలిజెన్స్ వాళ్లు వారాల తరబడి ప్రశ్నిస్తారు, గూఢచారులు కాదని తేల్చుకోవడానికి. తర్వాత హనావాన్ అనే కేంద్రంలో 12 వారాలు. ఏటీఎం వాడటం, మెట్రో ఎక్కడం, బ్యాంకు ఖాతా అన్నీ నేర్పుతారు. అద్దె ఇల్లు, కొంత డబ్బు ఇచ్చి పంపుతారు. వినడానికి బాగుంటుంది. ఆ డబ్బులో మొదటి వాటా బ్రోకర్‌కు పోతుంది, దారిలో అప్పు పెట్టి తెచ్చాడు కదా. రెండో వాటా అక్కడున్న అమ్మకు. చైనా ఫోన్ దాచుకున్న మధ్యవర్తి ద్వారా పంపితే 30 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కమీషన్.

మా పనిచోట లైన్‌లో ఉత్తరం నుంచి వచ్చినామె ఒకరు ఉండేది. దక్షిణ కొరియాలోనే గాంగ్‌వాన్ వైపు ఊరని చెప్పేది, అక్కడి యాస దగ్గరదగ్గరగా ఉంటుందని. మాకెందుకులే, మేమే పరాయివాళ్లం. ఆమె ఎక్కడిదో అందరికీ తెలుసు, ఎవరూ అనరు, భోజనాల దగ్గర ఎవరూ పక్కన కూర్చోరు కూడా. నేపాలీ కుర్రాళ్లూ మేమూ కూర్చునేవాళ్లం.

2019లో సియోల్‌లోనే ఒక తల్లీ ఆరేళ్ల కొడుకూ అద్దె ఇంట్లో చనిపోయి కొన్ని వారాలకు గానీ బయటపడలేదు. ఇంట్లో తినడానికి దాదాపు ఏమీ లేదు. ఆకలికి పారిపోయి వచ్చిన మనిషి. వెనక్కి వెళ్లిపోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే 30 మంది దాకా ఉన్నారు. అక్కడ బాగుందని వెళ్లారని కాదు. పిల్లలు అక్కడుంటే మనిషి ఎన్నాళ్లు ఉండగలడు?

అందుకే నాకు కార్యకర్తల్లో నచ్చేవాళ్లు రెండు రకాలే. చడీచప్పుడు లేకుండా మనుషుల్ని దాటించేవాళ్లు, దాటాక ఏడాది తర్వాత కూడా ఫోన్ చేసేవాళ్లు. మొదటివాళ్లలోనూ దేవుళ్లని నమ్మి మోసపోయిన కథలున్నాయి. వందల మందిని దాటించి పేరు తెచ్చుకున్న ఒక పాస్టర్‌కు, తన హాస్టల్లోని పిల్లల మీద అఘాయిత్యానికి నిరుడు అయిదేళ్ల జైలు పడింది. ఎవరూ అడగని చోట ఎవరైనా చెడిపోతారు.

---

గాజువాక అమ్మాయి | 5 నవంబర్, ఉదయం 7:45

శీను అన్నయ్యా, ఏడాది తర్వాత ఫోన్ చేసేవాళ్లు కూడా తగ్గిపోతున్నారు. ఈ జనవరి నుంచి అమెరికా నిధులు ఆగిపోవడంతో ఇక్కడ చిన్న సంఘాలు మనుషుల్ని తీసేశాయి. ఉత్తరానికి వినబడే రేడియోలూ ఒక్కొక్కటే మూగబోయాయి. జూలైలో దక్షిణ కొరియా ఇంటెలిజెన్స్ వాళ్ల ప్రసారాలు ఆగాయి, రేడియో ఫ్రీ ఆసియా మొన్న అక్టోబర్ ఆఖరుకి వార్తలే ఆపేసింది. కామ్రేడ్ అంకుల్, యజమాని డబ్బు అన్నారు కదా, యజమాని చెయ్యి తీసేశాడు. దాంతో సాక్ష్యాలు రాసిపెట్టే పనే ముందు ఆగుతోంది. మాటలు రికార్డు చేసి, శిబిరం, తేదీ, గార్డు పేరు పోల్చి దాచే సంఘాలున్నాయి, ఇరవయ్యేళ్లకు పైగా చేస్తున్నారు. ఎప్పటికైనా కేసు నడిస్తే పనికొచ్చేది అదే.

అక్కణ్ణుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ నేర్పే వాలంటీర్లు కావాలని మా యూనివర్సిటీ బోర్డులో కాగితం ఉంది. శనివారాలు. నా ఇంగ్లిష్ గాజువాక ఇంగ్లిషే, తీసుకుంటారో లేదో అడుగుతా.

---

పాత కామ్రేడ్ | 5 నవంబర్, ఉదయం 9:05

తీసుకుంటారమ్మా, వెళ్లు. ఆ పనికి నా అభ్యంతరం ఏమీ లేదు.

సాక్ష్యాలు దాచే పని కూడా ఆగకూడదు. ఆ ఖర్చు అమెరికా కాదు, ఐరాస పెట్టుకోవాలి. అంతవరకే ఒప్పుకుంటా.

---

కాజీపేట జంక్షన్ | 5 నవంబర్, ఉదయం 9:30

పాతపేపర్లు సార్, ఆ మద్రాసు ఓడ సంగతి అప్పటి తెలుగు పేపర్లల్ల వచ్చిందా? దొరుకుతదా ఎక్కడన్న?

---

పాతపేపర్లు | 5 నవంబర్, ఉదయం 11:15

రాకుండా ఎలా ఉంటుంది? ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ రెండూ అప్పుడు మద్రాసు నుంచే వచ్చేవి, రేవు వాళ్ల గుమ్మంలోనే. ఆంధ్రపత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసి పెట్టారు. 1954 ఫిబ్రవరి రెండో సగం చూడాలి. ఖైదీలు దిగినప్పుడు ఎవరు ఎదురెళ్లారు, ఏం అడిగారు, మన సంపాదకులు ఏం రాశారు అన్నది నాకూ తెలుసుకోవాలని ఉంది. నా కళ్లు ఆ స్కాన్ల మీద నిలవవు, అక్షరాలు మరీ సన్నం.

---

బెజవాడ బ్యారేజీ | 5 నవంబర్, ఉదయం 11:22

15 నుంచి 21 దాకా నేను చూస్తా బాబాయ్ గారూ. మిగతా వారం కాజీపేట తమ్ముడు పట్టుకుంటే ఆదివారం లోపు ఇక్కడే పెట్టేద్దాం.

---

కాజీపేట జంక్షన్ | 5 నవంబర్, ఉదయం 11:24

22 నుంచి 28 నాకు రాసుకోండ్రి.